సారుకు అడ్డంగా

వనభోజనమంటే ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు వేసుకుని తినడం. ఢిల్లీలో కార్తీకమాసం వచ్చేసరికి చెట్టుకూ మనిషికీ సమానంగా ఊపిరాడదు కాబట్టి, ఆ ఏడు మా సరోజినీ నగర్ తెలుగువాళ్ళం చెట్టునే లోపలికి తెచ్చుకున్నాం. కమ్యూనిటీ హాలు మధ్యలో కుండీ, కుండీలో మోకాలెత్తు ఉసిరి మొక్క, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు. వనం లేకపోయినా భోజనం ఉంది కదా అని ఎవరూ పెద్దగా బాధపడలేదు.

ఇబ్బందల్లా పిల్లలతోనే. ఏటా పార్కులో క్రికెట్ ఆడి అలిసిపోయేవాళ్ళని హాల్లో ఏం చెయ్యాలి? దీని కోసం ఒక కమిటీ వేశారు. మావాళ్ళంతా కేంద్ర ప్రభుత్వోద్యోగులు. కమిటీ వెయ్యకుండా పులిహోరలో ఇంగువ కూడా వెయ్యరు. అంత్యాక్షరి పెడదామన్నారొకరు. మన పిల్లలకి తెలుగు పాటలు వస్తే కదా అన్నారు ఇంకొకరు. అప్పుడు మా ఆయన ఆఫీసులో అందరికంటే పైనున్న అధికారి గొంతు సవరించుకున్నారు. ఆయన్ని ఆయన లేనిచోట కూడా అందరూ సారనే అంటారు కనక నేనూ అలాగే అంటాను. తాను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో ఒక కంప్యూటర్ ఆట ఆడేవాళ్ళమనీ, దాన్ని పెడితే బాగుంటుందనీ సారు సెలవిచ్చారు.

పాత ఆటే అది. ఎక్కడో వేరే గ్రహం మీద మనుషులు కట్టుకున్న స్థావరం, చీకటి ఇనుప నడవాలు, తలుపు తెరిస్తే రాక్షసులు. తెర మీద మన తుపాకీ తప్ప మనం కనబడం, ఎందుకంటే చూస్తున్న కళ్ళు మనవే. నాలుగు కంప్యూటర్లు కలుపుకుంటే రాక్షసులతో కూడా పనిలేదు, ఒకళ్ళనొకళ్ళు కాల్చుకోవచ్చు. చచ్చినవాడు వెంటనే ఇంకో మూల నుంచి లేచి వస్తాడు. ఎవరు ఎక్కువమందిని చంపితే వాళ్ళు గెలిచినట్టు.

వీడియో గేముల వల్ల దేశం ఏమైపోతోందో అంతకుముందు ఏడు అదే హాల్లో మాకు విడమరిచి చెప్పిన పెద్దమనిషి, "చాలా మంచి ఆలోచన సార్, పిల్లలకి ఏకాగ్రత పెరుగుద్ది" అన్నాడు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

మా ఇంటికి ఆ ఆట కొత్తేమీ కాదు. మా ఆయన పెళ్ళికి ముందు నుంచీ ఆడుతున్నదే. అమ్మాయికి కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకందని వయసులోనే నేర్పించారు. మా అమ్మాయికి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. ఆయన హిందీ ఫైళ్ళకి సరిపోతుంది గానీ కబుర్లకి చాలదు. అందుకని తండ్రీకూతుళ్ళు మనసు విప్పుకునేది ఆ తెర ముందే. ఇంట్లో మా ఆయన మహా శూరుడు. తలుపు చాటున నక్కి, వచ్చే నవ్వు ఆపుకుంటూ, కూతురి మీదికి దూకేవారు. అది ఏ మర్యాదా లేకుండా తండ్రిని చంపి పారేసేది. ఇద్దరి కేకలకీ పై క్వార్టర్ దీదీ నేల మీద కర్రతో కొట్టేది. నాకు వాళ్ళిద్దరినీ చూస్తే ముచ్చటగా ఉండేది.

అయితే ఆ కార్తీకంలో మా ఇంట్లో ఒక గండం నడుస్తోంది. మార్చితో ఆయన ఢిల్లీ గడువు అయిపోతుంది. అమ్మాయిది పదకొండో తరగతి. పన్నెండు కూడా ఇక్కడే చదవాలి కాబట్టి ఇంకో ఏడాది ఉండనివ్వమని అర్జీ పెట్టుకున్నారు. కాదంటే గౌహతి బదిలీ. ఆ అర్జీ ఎవరి బల్ల మీద ఉందో వేరే చెప్పాలా. హాలుకి బయల్దేరుతూ ఆయన కూతురితో, "సారు కూడా ఆడతారమ్మా, కాస్త చూసుకుని ఆడు" అన్నారు. నేను ఊరుకోలేక, "ఆటలో కూడా వంగి దణ్ణం పెట్టే మీట ఏదైనా ఉందేమో చూపించండి దానికి" అన్నాను. ఆయన నవ్వలేదు.

హాల్లో ఒకరి తెరని ప్రొజెక్టరుతో గోడ మీద వేద్దామనుకున్నారు. ఎవరి తెర అన్నదాని మీద మాత్రం కమిటీ అవసరం పడలేదు.

మొదటి విడత సారు, ఆయన కింద పనిచేసే ముగ్గురు ఆడారు. సారు తుపాకీ పట్టుకుని నడవాలన్నీ వెతికారు. ఒకడు మూలన గోడకి మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. ఇంకొకడు తలుపు దగ్గర సారుని చూసి పక్కకి తప్పుకుని, "ముందు మీరు సార్" అన్నాడు.

"ఏందయ్యా, గిట్ల నిలబడ్డరు? కాల్చుండ్రి" అన్నారు సారు.

"పర్లేదు సార్, మీరు కానివ్వండి."

సారు అందరినీ కానిచ్చారు. చప్పట్లు మోగిపోయాయి. ఆయన మొహంలో మాత్రం సంతోషమన్నది లేదు. ఉప్పులేని పప్పు తిన్నట్టు మొహం పెట్టి, "ఇగ పిల్లల్ని కూసోబెట్టుండ్రి" అన్నారు. మా అమ్మాయి వెళ్ళి కూర్చుంది. సారు మా ఆయన్ని కూడా పిలిచారు. నాలుగో కుర్చీలో గోడకి మొహం పెట్టినాయన మళ్ళీ కూర్చుని, ఈసారీ తన గోడ తాను వెతుక్కున్నాడు.

ఆట మొదలవుతూనే అమ్మాయి సారుని కాల్చేసింది. గోడ మీద సారు తెరంతా ఎర్రబడింది. హాల్లో చప్పట్లకి లేచిన చేతులు లేచినట్టే ఆగిపోయాయి. సారు కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వారు. "శభాష్ బిడ్డా, గట్లుండాలె" అన్నారు. ఎన్నేళ్ళకో ఒకరు తనతో నిజంగా ఆడుతున్నారన్న సంతోషం ఆ మనిషి మొహంలో నాకు స్పష్టంగా కనిపించింది. మా ఆయనకి కనిపించలేదు. ఆయన కళ్ళకి గౌహతి ఒక్కటే కనిపిస్తోంది.

కాసేపటికి గోడ మీద ఒక వీపు ప్రత్యక్షమైంది. నీలం బట్టల సైనికుడి వీపు. సారు ఎడమకి జరిగితే వీపూ ఎడమకి జరిగింది, కుడికి జరిగితే కుడికి. హాలంతా కూర్చుని మా ఆయన వీపుని తిలకిస్తోంది.

"జర పక్కకు జరుగయ్యా, నాకేం కనిపిస్తలేదు."

"మీకెందుకు సార్ శ్రమ, నేను చూసుకుంటాను."

చివరికి సారే విసిగిపోయి ఆ వీపుని కాల్చారు. మా ఆయన చచ్చిపోయి, వెంటనే వేరే మూల నుంచి లేచి, నడవాలన్నీ పరిగెత్తుకుంటూ వచ్చి మళ్ళీ సారు ముందు నిలబడ్డారు. జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత లేచి వెళ్ళి అమ్మాయి కుర్చీ వెనక నిలబడ్డాను. దాని తెర మీద వీపు లేదు. తండ్రి ఎదురుగా దాన్నే చూస్తూ ఉన్నారు. చేతిలో తుపాకీ ఉంది, పేల్చడం లేదు. అమ్మాయి కాల్చింది. ఆయన పడిపోయి, తిరిగొచ్చి అక్కడే నిలబడ్డారు. మళ్ళీ కాల్చింది. మళ్ళీ వచ్చారు.

"పాపా, హటో" అంది, నాన్నని పక్కకి తప్పుకోమని.

ఆయన పక్క కుర్చీలోనే ఉన్నా దాని వైపు చూడలేదు. "నన్ను కాల్చుకో అమ్మా. కావలసినన్నిసార్లు కాల్చుకో" అన్నారు మెల్లగా.

అమ్మాయి మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆట ముగిసే దాకా అలాగే కూర్చుంది. సారు గెలిచారు. బహుమతి స్టీలు ఫ్లాస్కు.

భోజనాల దగ్గర సారు పళ్ళెం పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. "నీ అర్జీ మీద శుక్రవారమే సంతకం జేసి పంపిన. ఇంక తెల్వదా నీకు? బిడ్డ మంచిగ ఆడుతుండె, నువ్వే ఆడనియ్యలే" అన్నారు. మా ఆయన థాంక్యూ సార్ అంటూ వంగితే, పళ్ళెంలో పెరుగన్నం అంచుదాకా జారింది. గౌహతి తప్పిందని నా ప్రాణం కుదుటపడింది. ఆ మాటకొస్తే అంత ఒళ్ళుమంట కూడా నాకు ఇదివరకెప్పుడూ రాలేదు.

సారు వెళ్ళాక అమ్మాయి తండ్రిని హిందీలో అడిగింది, మరి ఎందుకు అలా నిలబడ్డారని.

"సంతకం అయిపోయిందని నాకు తెలీదు కదమ్మా."

"తెలిస్తే పక్కకి జరిగేవాళ్ళా?" ఈసారి అది అడిగింది తెలుగులోనే.

అవునంటే సరిపోయేది. ఆయన పళ్ళెం వైపు చూస్తూ కాసేపు నిజంగానే ఆలోచించారు.

"ఏమోనమ్మా. అప్పుడూ నిలబడేవాణ్ణేమో" అన్నారు.

జీవితంలో ఆ ఒక్కసారికి అబద్ధం చెప్పకూడదా ఈ మనిషి అని నాకు ఏడుపొచ్చింది.