అమ్మవారి బెల్లం

మా పై పోర్షన్‌లో చాలా ఏళ్లు అద్దెకున్న మేడమ్ పోయిన వారం కన్నుమూశారు. కాకినాడ నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. దీపం వెలిగించి, ఆమెను తలుచుకుంటూ కాసేపు కూర్చున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆమె ఛత్రినాకలోని మా ఇంటికి వచ్చారు. తిండి చెడకుండా కలిపే నిల్వ మందులను పట్టిచ్చే రసాయనాలు ప్రయోగశాలలో తయారుచేయడం ఆమె పని. మందు తగిలితే అవి ఒక ప్రత్యేకమైన దీపం కింద మెరుస్తాయట. బతికున్న కణాల్లో కూడా ఆ మెరుపు కనిపించాలని ఆమె తాపత్రయం. "చూడ్డం కోసం కణాన్నే చంపేస్తే ఇంకేం చూసినట్టండీ?" అనేవారు. అక్కడ ఒకసారి కడుక్కుని వచ్చినా, ఇంట్లో చేతులు రెండోసారి కడుక్కుంటే గానీ మా పాపను ముట్టుకునేవారు కాదు.

పాపకు ఏటా బోనాల నాడే ఆయాసం వచ్చేది. బోనంలో పెట్టే బెల్లం పరమాన్నం తిన్న కాసేపటికే ఛాతీలో పిల్లికూతలు.

"అమ్మోరికి ఈ పోరి మీద ఏందో కోపమున్నది. గీసారి ప్రసాదం వెట్టకు, గుడికి తోల్కపోకు" అని అత్తమ్మ తేల్చేసింది. నాకూ అదే భయం. నేను మెట్ల దగ్గర ఏడుస్తుంటే మేడమ్ చూశారు. అంతా విని, "ఏ బెల్లం వాడతారమ్మా?" అని అడిగారు.

రోజూ మేం తినేది మామూలు నల్లబెల్లం. అమ్మవారికి మాత్రం బజారంతా తిరిగి తెల్లటిది ఏరి తెచ్చేవాళ్లం.

ఆ ఆదివారం మేడమ్ రెండు బెల్లాల నీళ్లనూ చిన్న గాజు గొట్టాల్లో పోసుకుని, కిటికీ లేని మా సామాన్ల గదిలోకి తెచ్చారు. తన రసాయనం ఒక్కో చుక్క వేసి, ఆ ప్రత్యేకమైన చేతిదీపం పట్టారు. నల్లబెల్లం నీళ్లు అలాగే ఉన్నాయి. అమ్మవారి బెల్లం నీళ్లు ఆకుపచ్చగా వెలిగాయి.

"దయ్యం గిట్ల వట్టిందా మేడమ్?" అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దయ్యం కాదు పెద్దమ్మగారూ, తెల్లగా కనబడాలని కలిపిన గంధకం మందు. కొందరికి ఊపిరి పట్టేస్తుంది. నా దీపాన్నొక్కదాన్నే నమ్మకండి, డాక్టరుకీ చూపిద్దాం."

డాక్టరు కూడా ఆ మందునే అనుమానించాడు. అయినా అత్తమ్మ మనసు ఒప్పలేదు.

"గా నల్లది అమ్మోరికెట్ల వెడ్తం? గల్లీల అందరు నవ్వరా?"

"మీరు తినేదే ఆవిడకీ పెట్టండి. ఆవిడ మాత్రం పరాయి మనిషా?" అన్నారు మేడమ్.

చివరికి బోనాల పొద్దున నల్లబెల్లం డబ్బా అత్తమ్మే దించింది.

ఆ ఏడు పరమాన్నం ముదురు రంగులో ఉడికింది. పాప మాతో గుడికి వచ్చింది, ప్రసాదం కడుపునిండా తిని మధ్యాహ్నం చాప మీద నిద్రపోయింది. బయట డప్పులు మోగుతున్నాయి. మేడమ్ నేల మీద కూర్చుని పాప వీపు మీద అరచెయ్యి ఆనించారు. పాప ఊపిరికి ఆ చెయ్యి మెల్లగా లేస్తోంది, దిగుతోంది. అత్తమ్మ గిన్నెలో ప్రసాదం తెచ్చి ఏదో అనబోతే, మాట్లాడొద్దన్నట్టు రెండో చేతి వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.