మామ రుచి చూడని మామిడి బీరు

మామ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను కుప్పం స్టేషన్‌లో బెంగళూరు రైలు కోసం నిలబడి ఉన్నాను. ఫోను చేసింది అత్త. "పుంగనూరు ఆస్పత్రిలో మా వల్ల కాదన్నారమ్మే. మదనపల్లెకు తీసకపోతాంటే దారిలోనే..." అని అక్కడితో ఆపేసింది. ఈలోగా రైలు వచ్చింది, అందరూ ఎక్కారు, వెళ్ళిపోయింది. టిఫిన్ డబ్బా పట్టుకుని నేనొక్కదాన్నే మిగిలాను. ఏడుపు రాలేదు. ఇంత దూరం నడిచి వచ్చి మళ్ళీ వెనక్కి నడవాలి గదా అని మాత్రం అనిపించింది. ఏడవడానికి కూడా కొంచెం ఓపిక కావాలని ఆ పొద్దు తెలిసింది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక బ్రూపబ్‌లో బీరు తయారుచేసేవాడు. బ్రూపబ్ అంటే బీరును అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే గ్లాసుల్లో పోసి అమ్మే చోటు. అదే చోట బల్లల దగ్గర వచ్చేపోయేవాళ్ళను చూసుకునే మేనేజరును నేను. ఉద్యోగం ఇప్పించింది మామే కాబట్టి, కాళ్ళు నొప్పి పుట్టినప్పుడల్లా ఆయన్ను తిట్టుకునే హక్కు నాకు ఉండేది. శని, ఆదివారాలు జనం విరగబడి వస్తారు గనక మాకు సెలవు సోమవారం. మిగతా రోజులు మామ కుప్పంలో మా ఇంట్లో ఉండి నాతోపాటు రైలెక్కేవాడు. సెలవు రోజున మాత్రం పుంగనూరు బస్సు పట్టుకుని అత్త దగ్గరికి పోయేవాడు. ఆ సోమవారం సాయంత్రం తిరిగి రాలేదు. "ఒళ్ళు బాగలేదమ్మే, రేపు బస్సులో నేరుగా పనికి వస్తా" అన్నాడు. మామకు ఒళ్ళు బాగలేకపోవడం ఏమిటని నేను పెద్దగా పట్టించుకోలేదు. మా ఇద్దరికీ ఎప్పుడూ ఏదో ఒకటి బాగలేకనే ఉండేది.

రైల్లో ఆయన కూర్చోగానే నిద్రపోయేవాడు. సీటు దొరక్కపోతే కడ్డీ పట్టుకుని నిలబడి నిద్రపోయేవాడు. వైట్‌ఫీల్డ్ వచ్చేసరికి ఎవరూ లేపకుండానే కళ్ళు తెరిచి, "నిద్రే పట్టలేదు పో" అనేవాడు. మొదట్లో వాదించేదాన్ని, తర్వాత మానేశాను.

మామ బి.ఎస్సీ. చదివి మొదట పాల డెయిరీలో పనిచేశాడు. పాలకు, బీరుకు పెద్ద తేడా లేదని, రెండింటికీ మనిషి చేతులు శుభ్రంగా ఉంటే చాలని అంటూ ఉండేవాడు. బీరు కాచేవాడు తాగుబోతై ఉంటాడని అందరూ అనుకుంటారు. ఆయన గ్లాసులో ముక్కు పెట్టి వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, సింకులో ఉమ్మేసేవాడు. నాకూ అదే నేర్పాడు. "ముక్కు ముందు, నోరు తర్వాత. ముక్కు వొద్దంటే నోటిని అడగొద్దు" అనేవాడు. పుంగనూరులో మా అత్త మాత్రం వీధిలో వాళ్ళకు మామ జ్యూస్ కంపెనీలో ఉన్నాడని చెప్పుకునేది. ఎండాకాలం మామిడి బీరు కాచే రోజుల్లో మామ చొక్కా అంతా మామిడి వాసన కొట్టేది కాబట్టి, ఏటా ఆ రెండు నెలలు అత్త మాటను ఎవరైనా నమ్మేవాళ్ళు.

కాలాన్ని బట్టి కొత్త బీరు దించడం ఆయన పని. ఎండల్లో మామిడి, వానల్లో రాగులూ బెల్లం, చలికి ముందు సీతాఫలం. దించిన మొదటి శనివారాన్ని మా దగ్గర రిలీజ్ డే అంటారు. ఆ పేరుకు తగ్గట్టే సినిమాకు వచ్చినట్టు వస్తారు. తలుపులు తెరవకముందే ఐ.టి. కుర్రాళ్ళు, జంటలు, ఆదివారం చొక్కాలు శనివారమే వేసుకున్న పెద్దమనుషులు వరసలో నిలబడి ఫోటోలు తీసుకుంటూ ఉంటారు. వాళ్ళకు పండగ, నాకు కాళ్ళవాపు. మామ ఆ రోజు బయటికి వచ్చేవాడు కాదు. ట్యాంకుల గదికీ హాలుకీ మధ్య ఉన్న అద్దం వెనక నిలబడి, పైపులు కడుగుతూ జనాన్ని చూసేవాడు. మొహాలు కాదు, గ్లాసులు. "మొదటి గ్లాసు పోస్టర్ని సూసి తాగుతారమ్మే. రెండోది అడిగినారా లేదా, అది సెప్పు నాకు." నేను పని మధ్యలో అద్దం దగ్గరికి వెళ్ళి, అడుగుతున్నారని తల ఊపితే చాలు, ఆ రోజుకు ఆయన భోజనం చేసేవాడు.

ఆయన తెచ్చిపెట్టిన పద్ధతి ఒకటుంది. ఏ ట్యాంకులోనైనా మొదట పట్టిన జగ్గు అమ్మకూడదు. వాళ్ళ ఇంట్లో ఆవు ఈనితే జున్నుపాలు అమ్మరు, చుట్టుపక్కల ఇళ్ళకు పంచుతారు. ఆ లెక్కే దీనికీ పెట్టాడు. గిన్నెలు తోమే ఆమె నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా తలా ఇంత పోసేవాడు. తాగనివాళ్ళు ఉంటారు గదా, వాళ్ళ కోసం కాచిన రోజునే, ఇంకా పులియని తియ్యటి మాల్టు నీళ్ళు పక్కన తీసి, వేడివేడిగా స్టీలు గ్లాసుల్లో ఇచ్చేవాడు. ఓనరు మొదట్లో గొణిగాడు. తర్వాత్తర్వాత ఆయనే వరసలో వచ్చి నిలబడేవాడు.

ఒక ఏడు టమోటా ధర పడిపోయింది. మేమిద్దరం ఏదో పెళ్ళికి మదనపల్లె పోయి వస్తుంటే, మార్కెట్ యార్డు దాటాక రోడ్డు పక్కన ఎర్రగా కుప్పలు. రైతులు అక్కడ పోసేసి పోయారు. మామ ఆటో ఆపించి దిగి, ఒక పండు తీసుకుని చొక్కాకు తుడిచి కొరికాడు. చాలాసేపు నమిలి, "దీంట్లో ఏమో ఉండాదమ్మే" అన్నాడు. "ఉండాది మామా, చారు ఉండాది" అన్నాను. వినలేదు. ఆ వారమే బుట్టలకొద్దీ టమోటాలు వైట్‌ఫీల్డ్ చేరాయి. బీరు తయారైంది. రంగు బాగుంది, పులుపు బాగుంది, ఇంత ఉప్పు కూడా వేశాడు. రిలీజ్ రోజున ఒక పెద్దాయన ఒక గుక్క తాగి, నన్ను పిలిచి, ఏమీ నవ్వకుండా, "దీంట్లోకి కొంచెం అన్నం దొరుకుతుందా?" అని అడిగాడు. మామకు చెప్పాను. అద్దం వెనక నుంచి రిలీజ్ రోజున ఆయన బయటికి వచ్చింది ఆ ఒక్కసారే. నేరుగా ఆ బల్ల దగ్గరికి పోయి, "అన్నం లేదు సామీ, అప్పడం ఉండాది, తెప్పిస్తా" అన్నాడు. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేటట్టు నవ్వుకున్నారు.

ఈ ఏటి మామిడి బీరుకు బేనీషా పండ్లు, అంటే బంగినపల్లి, మామే ఏరి తెచ్చాడు. గుజ్జు తీయించి, పోయే ముందరి ఆదివారం మధ్యాహ్నం ట్యాంకులో కలిపాడు. నాతో అన్న మాటల్లో పనికి సంబంధించిన చివరి మాట కూడా దాని గురించే. "ఇప్పుడు అది జొరం వచ్చిన బిడ్డ మాదిరి. సల్లగా ఉంచాల, ఒక కన్ను ఏసి పెట్టాల." గుజ్జు పడ్డాక, పులియబెట్టే ఈస్టు మళ్ళీ విజృంభిస్తుంది, ట్యాంకు వేడెక్కుతుంది, దాన్ని చల్లగా ఉంచకపోతే బీరు చెడుతుంది. ఇది మా దగ్గర ఊడ్చేవాళ్ళకు కూడా తెలుసు.

తెలిసి కూడా ఏం జరిగిందో చెబుతాను. మంగళవారం మామ పోయిన కబురు చేరగానే ఓనరు పబ్బుకు తాళం వేశాడు. ఉన్నవాళ్ళందరూ ఒక వ్యానెక్కి పుంగనూరు వచ్చేశారు. వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు, వాచ్‌మన్, మామ కింద పనిచేసే అసిస్టెంటు, అందరూ. పనిలో ఉన్నవాళ్ళు ఉన్నట్టే రావడంతో ఒంటి మీద కంపెనీ టీషర్టులు. వాటి వెనక పొంగుతున్న బీరు గ్లాసు బొమ్మ ఇంత పెద్దది. అత్త వీధిలో ఆ బొమ్మలన్నీ వరసగా నడిచి వస్తుంటే ఇరుగుపొరుగు నోళ్ళు తెరుచుకుని చూశారు. అత్త అంత ఏడుపులోనూ నా చెవిలో, "ఇంగ జ్యూస్ కంపెనీ అంటే ఎవురు నమ్ముతారమ్మే" అంది. ఆ మాటకు నవ్వబోయి, అప్పుడు ఏడ్చాను. ఆ రోజు వాళ్ళలో ఒక్కరూ వెళ్ళిపోలేదు. పాడె మోశారు, షామియానా మడిచారు, మర్నాడు అత్త చేత రెండు ముద్దలు తినిపించి సాయంత్రానికి బయల్దేరారు.

ఈ రెండు రోజుల్లో వైట్‌ఫీల్డ్‌లో కరెంటు పోయింది. వచ్చింది గానీ, ట్యాంకులను చల్లబరిచే యంత్రం దానంతట అది మళ్ళీ మొదలవ్వదు, ఒక మనిషి పోయి మీట నొక్కాలి. ఆ ఒక్క మనిషి కూడా పుంగనూరులోనే ఉన్నాడు. మామ బతికుంటే ఏమనేవాడో నాకు ఆయన గొంతుతోనే వినబడుతుంది. "నన్ను సూసేకి అందురూ వస్తిరి. దాన్ని సూసేకి ఒకడన్నా ఉండకూడదా?"

పదకొండో రోజు దివసాలు అయిపోయిన మర్నాడే రిలీజ్ శనివారం పడింది. ఆ పొద్దున అసిస్టెంటు నాకు ఎదురొచ్చి, ఒక గ్లాసు చేతిలో పెట్టాడు. కోలారు మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, మామ దగ్గర ఏళ్ళ తరబడి చేశాడు. రెండు రోజుల ముందే రుచి చూశాడట, చెప్పడానికి నోరు రాలేదట. నేను ముక్కు పెట్టాను. మొదట మామిడి. దాని వెనకనే గోళ్ళ రంగు తుడిచే మందు వాసన. నోట్లో పోసుకుంటే గొంతు మండింది. ఉమ్మేసి, ఇంకోసారి చూశాను. నా ముక్కే తప్పయి ఉంటే బాగుండునని చూశాను.

హాలు గోడ మీద మామ ఫోటో పెట్టి దండ వేసి, కింద పెద్ద అక్షరాలతో ఆయన చివరి బీరు అని రాయించి ఉంది. బయట వరస అప్పటికే మలుపు తిరిగింది. ఓనరు కూడా ఒక గుక్క తాగి, గ్లాసును బల్ల మీద పెట్టేశాడు.

"అమ్మా, అంత ఘోరంగా ఏమీ లేదు. ఆయన మీద గౌరవంతో వచ్చినారు అందరూ. ఎవరూ బాగలేదని అనరు."

"అనరనే గదా సార్ నా భయం" అన్నాను.

"పారబోస్తే ఆయన చేసింది ఇంగేమీ మిగలదు. ఆలోచించు. నువ్వు ఇంటి మనిషివి, నువ్వే చెప్పు."

ఆయన మాటలో తప్పేమీ లేదు. నాకూ అదే బాధ. మామ చేతులు చివరిగా ముట్టుకున్నది ఆ ట్యాంకులో ఉంది. దండ వేసిన ఫోటో కింద నిలబడి అందరూ ఒక గ్లాసు తాగుతారు, ఫోటో తీసుకుంటారు, బాగుందంటారు. రెండో గ్లాసు ఎవరూ అడగరు. అడగకపోవడం నేను చూస్తాను. అద్దం వెనక ఎవరూ ఉండరు, పోయి ఎవరికి ఏం చెప్పాలి?

"వొద్దు సార్" అన్నాను. "ఆయన ఉంటే ఇచ్చేటోడు కాదు."

ట్యాంకు ఖాళీ చెయ్యమంటే అసిస్టెంటు కదల్లేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, "నా వల్ల కాదక్కా" అన్నాడు. కింది వాల్వు నేనే తిప్పాను. మామిడి పసుపు రంగుతో నురగ కట్టుకుంటూ నేల మీద పరుచుకుని, నీళ్ళు పోయే జాలీలోకి దిగడం మొదలుపెట్టింది. పీచు అడ్డం పడి నిలిచిపోతుంటే మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తీస్తూ ఉన్నాను. మామిడి వాసన గదంతా నిండింది. అప్పుడు ఏడ్చానో లేదో గుర్తు లేదు. నడుము నొప్పి మాత్రం గుర్తుంది.

తర్వాత బయటికి పోయి వరసలో ఉన్నవాళ్ళతో మామిడి బీరు లేదని, చెడిపోయిందని చెప్పాను. ఒకరిద్దరు విసుక్కున్నారు. చాలామంది లోపలికి వచ్చి, ఉన్నదేదో తాగి, ఫోటో ముందు ఒక నిమిషం నిలబడి పోయారు. అసిస్టెంటు ట్యాంకు కడగడానికి నీళ్ళు కాగబెట్టాడు.

ఓనరు నన్ను ఆ రోజు పెందలాడే ఇంటికి పొమ్మన్నాడు. ఎండ ఉండగానే కుప్పం రైలెక్కాను. ఆడవాళ్ళ పెట్టెలో ఒకామె కొంచెం జరిగి చోటిచ్చింది. కూర్చోగానే ముక్కు ఎగబీల్చి, నా ఒడిలో, కాళ్ళ దగ్గర, పై బల్ల మీద వెతికింది.

"మంచి పండ్లు తెచ్చినట్టుండావే. యాడ కొన్నావమ్మా?"

"కొనలేదక్కా. మా మామ తెచ్చినాడు. అయిపోయినాయి."

చేతులు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో ఇంకా పసుపు ఉంది. ఆ మందు వాసన ఎప్పుడు ఎగిరిపోయిందో, లేదు. ఒట్టి మామిడి వాసన, బేనీషా, ముగ్గిన మొదటి రోజుది. రైలు బంగారుపేట దాటే వరకు చేతులు ఒళ్ళో తెరిచి పెట్టుకుని అట్లాగే కూర్చున్నాను.