మైకు ఆటో తిరుపాల్ పాఠమైన వైనం

జమ్మలమడుగు తిరుపాల్‌కు ఒక ఆటో, దానిపై ఒక మైకు, తన గొంతు మీద అపారమైన గౌరవం ఉన్నాయి. చీరల తగ్గింపు నుండి చావు కబురు దాకా ఊరు అతని నోటనే వింటుంది. ప్రొద్దుటూరు కళాశాలలో మీడియా బోధించే ప్రసూన అతనిపై ఒక పాఠం రాసింది. పాఠ్యసంఘంలో కొందరు ఒప్పుకోలేదు. వారు నమ్మే పాశ్చాత్య గ్రంథాల ప్రకారం సందేశం పంపినట్టే చేరాలి. దారిలో మారితే అది లోపం. తిరుపాల్ సందేశమో, వీధి వీధికీ మారుతుంది. పాఠం ఉండాలో పోవాలో తేల్చే పని సంఘంలో సభ్యుడినైన నాకు అప్పగించారు. వినకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు గనుక ప్రసూనతో కలిసి ఆటో ఎక్కాను.

ఆనాటి ప్రకటన: "రేపు పొద్దున పది గంటలకు పశువుల ఆసుపత్రిలో గొర్రెలకు ఉచితంగా టీకాలు!"

మొదటి వీధిలోనే గొర్రెలు కాచే ఓబమ్మ ఆటోకు అడ్డం నిలబడింది.

"ఏందప్పా తిరుపాలూ, పదికి గొర్లు యాడుంటాయి? మేతకు పోయింటాయి గదా! ఆ డాక్టరుకు చెప్పు."

తిరుపాల్ అక్కడికక్కడే డాక్టరుకు ఫోన్ చేసి ఒప్పించాడు. మైకులో పది ఏడయింది.

"చూసినారా సార్?" అని ప్రసూన మురిసిపోయింది.

రెండో వీధిలో హబీబుల్లా తన మేకల సంగతి అడిగాడు. "మేకలకూ ఏస్తారులే మామా," అన్నాడు తిరుపాల్. ఈసారి ఫోన్ చేయలేదు. మూడో వీధిలో రేణుక గంప కింద కోళ్లను చూపించింది.

"మా కోళ్లేం పాపం చేసినాయి మామా?"

"ఏం చెయ్యలేదులే, నువ్వూ ఎత్తుకొని రా."

అదీ మైకెక్కింది. ప్రసూన ముఖం పాలిపోయింది.

మరునాడు ఏడింటికి ఆసుపత్రి ఆవరణ గొర్రెలతో నిండిపోయింది. పదికైతే ఇన్ని వచ్చేవి కావని డాక్టరే ఒప్పుకున్నాడు. మేకలకూ మందు సరిపోయింది. ఆపై కోళ్ల గంపలు దిగాయి; కోళ్లకు వేసే మందు అక్కడ లేదు. వాటి వెనుక పంజరంలో ఒక చిలుక వచ్చింది.

"చిలకనెవరు పిలిచినారప్పా?" అని డాక్టరు అరిచాడు.

"నేను పిలవలేదు సార్. మైకులో దానంతట అదే ఇన్నింటాది," అన్నాడు తిరుపాల్.

సాక్ష్యం రెండువైపులా ఉంది. గొర్రెలు ప్రసూన పక్షం. కోళ్లు గ్రంథాల పక్షం. వినేవారు ఎదురు మాట్లాడే ఊరికి, మౌనంగా వినే శ్రోతను ఊహించి రాసిన సిద్ధాంతం చాలదు. అయితే కనుక్కోకుండా మాటివ్వడం ఏ దేశంలోనైనా తప్పే. కోళ్ల ఉదంతాన్ని కూడా చేర్చాలన్న షరతుతో పాఠాన్ని ఆమోదించాను.

తిరుపాల్ వెంటనే మైకు అందుకున్నాడు. "మన ఆటో ప్రొద్దుటూరు కాలేజీలో పాఠమైందహో!"

ఓబమ్మ మళ్లీ అడ్డం నిలబడింది. "పాఠమంటే పరీక్ష గూడా పెడతారా ఏంది? మా మనవరాలు ఆ కాలేజీలోనే చదువుతాంది."

"పరీక్ష లేదహో!" అని మైకులో చాటుతూ తిరుపాల్ ఆటో కదిలించాడు.

"ఉందన్నా, ఉంది!" అంటూ ప్రసూన ఆటో వెంట పరుగెత్తింది.