మూడు చుక్కల పద్దు

ఆయన్ని ప్రెస్సులో అందరూ కామాగారు అంటారు. అక్షరం జారిపోతే ఊరుకుంటారేమో గాని, కామా జారితే ఊరుకోరు. ముప్ఫై ఒక్కేళ్లుగా గవర్నమెంటు ప్రెస్సులో ప్రూఫులు దిద్దడమే ఆయన పని. పెళ్లి చేసుకోలేదు. నాన్న పోయాక చెల్లెల్ని ఒడ్డున పడేయాలన్నది మొదట్లో కారణం. తర్వాత్తర్వాత ఎవరూ కారణం అడగలేదు.

ఏటా బడ్జెట్ పుస్తకం అచ్చయ్యే పన్నెండు రోజులూ ఆయన్ని మరో నలభై మందితో పాటు లోపల పెట్టి తాళం వేస్తారు. శాఖలన్నీ తమకు ఎంత కావాలో రాసి పంపుతాయి, ఆర్థికశాఖ అందులో సగం కొట్టేస్తుంది, మంత్రులు కూర్చుని తలలూపుతారు. ఆపైన సభలో చదివే రోజు దాకా ఒక్క అంకె గడప దాటకూడదు. అంకె దాటకూడదంటే దాన్ని చూసిన మనిషి దాటకూడదు. అందుకే కిటికీ అద్దాలకు దళసరి కాగితం అతికిస్తారు. సెల్‌ఫోన్లు గుమ్మంలోనే లాక్కుంటారు. వరసగా ఇనుప మంచాలు, రోజు విడిచి రోజు మూడు నిమిషాల ఫోను. ఆ మూడు నిమిషాలూ కాపలా అధికారి రెండో రిసీవరు చెవికి ఆనించుకుని కూర్చుంటాడు. ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉంది, అంతవరకే. అంతకు మించి నోరు జారితే ముందు ఫోను పోతుంది, వెనకే ఉద్యోగం పోతుంది.

ప్రూఫు చూడ్డం ఇద్దరి పని. కామాగారి జోడీని, ఆ ఖంగుమనే గొంతు వల్ల, గంటాయన అంటారు; అతను రాతప్రతి పట్టుకుని పైకి చదువుతాడు. కామాగారు అచ్చుకాగితం మీద వేలు నడుపుతారు. రెండూ ఒకలాగే ఉన్నాయా లేదా అన్నదే వాళ్లు చూడాల్సింది. రాసింది న్యాయమా కాదా అన్నది వాళ్ల జీతంలో లేదు.

ఐదో రోజు పొద్దున గంటాయన చదివాడు. "మహిళల కుట్టు శిక్షణ కేంద్రాలు. కిందటేడు నలభై రెండు లక్షలు. వచ్చే ఏడు చుక్క, చుక్క, చుక్క."

కామాగారి వేలు ఆగిపోయింది. మూడు చుక్కలంటే ఆ పద్దుకు పైసా లేదని.

"మళ్లీ చదువు."

"ఎన్నిసార్లు చదివితే చుక్కలు అంకెలవుతాయి కామాగారూ? ఇక్కడున్నదే చదివా."

ఆయన అంచున పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి పర్యవేక్షకుడి బల్ల దగ్గరికి వెళ్లారు.

"రాతప్రతిలో ఎలా ఉంది?" అన్నాడు పర్యవేక్షకుడు.

"ఇలాగే ఉందండి."

"మరింకేం?" అంటూ రబ్బరు తీసి ప్రశ్నార్థకాన్ని తనే చెరిపేశాడు.

చెల్లెలికి బజారు సందులో ఇరవై ఏళ్ల నాటి కుట్టు కొట్టుంది. కిందటి నెలే ఒక శిక్షణ కేంద్రంలో టీచరుగా పిలుపొచ్చింది. సొంత కొట్టు వదిలేయాలన్నది షరతు. ఆ కొట్టు కోసం అడ్వాన్సు చేతిలో పట్టుకుని ఇంకొకడు కాచుకుని ఉన్నాడు. లోపలికొచ్చే ముందు రోజు ఈయనే చెప్పారు: "గవర్నమెంటు పద్దులో ఉన్న ఉద్యోగమమ్మా. కళ్లు మూసుకుని చేరు."

ఆ మధ్యాహ్నమే ఆయన ఫోను వంతు.

"అన్నయ్యా, సాయంత్రం తాళాలిచ్చేస్తున్నా. రేప్పొద్దున చేరడమే. ఒక మంచి మాటనవా?"

"ఒంట్లో ఎలా ఉందమ్మా?"

"నా ఒంటికేం, దుక్కలా ఉన్నా. నువ్వు సరేనను ముందు."

"కొన్నాళ్లు ఆగు."

"ఎందుకు?"

అధికారి కనుబొమలు పైకి లేచాయి. వేలు ఫోను మీటకు చేరింది. ఆ ఎందుకుకి జవాబు, కాగితాలు అతికించిన కిటికీల ఇవతలే ఉండిపోవాలి. గడప దాటగలిగిన మాట కామాగారికి ఒక్కటే తోచింది.

"నీకు చేతకాదే. చొక్కా కుట్టడం వేరు, పదిమందిని కూర్చోబెట్టి నేర్పడం వేరు. నవ్వులపాలవుతావు. బుద్ధిగా కొట్టు చూసుకో."

అవతల తిరుగుతున్న మిషను టక్కున ఆగింది.

"ఈ మాటన్నది నువ్వేనా అన్నయ్యా?"

"నేనే."

అలిగి ఆగిపోతుందనుకున్నారు. ఏడేళ్లప్పుడు ఆ పిల్లతో సూదిలో దారం ఎక్కించడం నీవల్ల కాదంటే, ఎక్కేదాకా అన్నం ముట్టలేదు. ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

"అయితే చూస్తూ ఉండు. సాయంత్రం దాకా దేనికి, ఇప్పుడే ఇచ్చేస్తా తాళాలు!"

ఫోను పెట్టేసింది.

"మీకింకా నిమిషంన్నర ఉందండీ," అన్నాడు అధికారి మొహమాటంగా. "తోబుట్టువుతో అలాగేనా మాట్లాడేది?"

ఆ తర్వాత మూడు వంతులొచ్చాయి. మూడుసార్లూ అవతల మోగి మోగి ఆగిపోయింది. ఆ పేజీ కూడా రెండో ప్రూఫుగా, మూడో ప్రూఫుగా తిరిగి తిరిగి ఆయన ముందుకే వచ్చింది. చుక్కలు మూడూ కుదురుగా, సమానమైన ఎడంతో ఉన్నాయి. తప్పేమీ లేదు. చివరి కాగితం అడుగున "సరిచూశాను" అని రాసి సంతకం పెట్టారు.

సభలో ఉపన్యాసం మొదలయ్యాక తలుపులు తీశారు. పుస్తకం చంకన పెట్టుకుని ఆయన తిన్నగా బజారు సందుకు నడిచారు. కొట్టు మీద సెల్‌ఫోన్ రిపేరు బోర్డుంది. అక్కణ్నుంచి కేంద్రానికి వెళ్లారు. పెద్ద గదిలో పన్నెండు మిషన్లు, పన్నెండు మంది ఆడవాళ్లు, మెడలో టేపు వేసుకుని చెల్లెలు.

"రండి కామాగారూ, తప్పులు పట్టడానికొచ్చారా?" అంది. అందరూ నవ్వారు.

ఆయన పేజీ తీసి చూపించారు.

"ఏంటీ చుక్కలు?"

"ఏమీ ఇవ్వలేదని. వచ్చే నెల ఒకటి నుంచి."

ఆమె చుక్కల మీద వేలు పెట్టింది. "నీకెప్పుడు తెలుసు?"

"నీకు ఫోన్ చేసిన రోజు పొద్దున."

"అయితే నాకు చేతకాదన్నది..."

"అబద్ధం."

స్టూలు లాక్కుని కూలబడింది. "వారం రోజులు ఏడ్చాను తెలుసా? కొట్టు పోయినందుకు కాదు." ముక్కు తుడుచుకుంది. "సభ ఇంకా ఒప్పుకోవాలి కదా? ఎవరైనా లేచి అడిగితే మారదా?"

మారుతుందని చెప్పడం తేలికే. కానీ ఆమెతో ఇప్పటికే ఒక అబద్ధం ఆడి ఉన్నారు.

"ముప్ఫై ఒక్కేళ్లలో చుక్కలు అంకెలు కావడం నేను చూడలేదమ్మా."

ఆమె పుస్తకం మూసి, గాలికి ఎగురుతున్న గుడ్డ మీద బరువుగా పెట్టింది.

"నెలాఖరుకి పందొమ్మిది రోజులుంది. కాలరు దాకా చెప్పేయగలను. ఊరికే నిలబడకు, ఆ సూదుల్లో దారం ఎక్కించు."

ఆయన కిటికీ దగ్గర కూర్చుని సూదిని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. దారం పక్కకి పోయింది. కొస నాలుకతో తడిపి మళ్లీ పట్టుకున్నారు. మళ్లీ పక్కకే పోయింది.