రెండో వరసలో మూడో చోటు

దయ్యాలనీ మహిమలనీ నేను ఎన్నడూ నమ్మలేదు. అంబాజీపేటలో కొబ్బరికాయలు లెక్కపెట్టి లారీకెక్కించడం నా పని. చదివింది ఎనిమిదో తరగతి; లెక్క మాత్రం సొంతంగా సాధించుకున్నాను. కాయల దగ్గర తేడా వస్తే చివరికి నా లెక్కే నిలిచేది.

ఎనభైల్లో మా అమ్మాయి రూతు చర్చి పాటల బృందంతో హైదరాబాదు వెళ్లి, టీవీ కోసం క్రిస్మస్ పాట పాడి వచ్చింది. మొత్తం పన్నెండు మంది పిల్లలు. రెండో వరసలో ఎడమ నుంచి మూడోది మా రూతు. మూడో చరణం తనొక్కతే పాడిందట. తిరిగొచ్చిన పంతొమ్మిదో రోజున కామెర్లతో పోయింది. తన గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు.

ఆ పాట డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం ఆరింటికి వస్తుందన్నారు.

"ఇప్పుడు చూడలేనండీ. టేపులో పట్టి ఉంచండి. గుండె కుదుటపడ్డాక చూస్తాను" అంది నా భార్య.

ఆ వేళకి ఇద్దరం చర్చిలో ఉంటాం. అందుకని బావమరిది మస్కట్ నుంచి తెచ్చుకున్న వీసీఆర్ అడిగి తెచ్చాను. దానంతటదే రికార్డు చేసేలా టైమర్ పెట్టడం నేర్చుకున్నాను.

సిగ్నలే సరిగా అందేది కాదు. తొమ్మిది సాయంత్రాలు పరీక్షించాను. ఏడుసార్లు బొమ్మ దొర్లిపోయింది, రెండుసార్లు ఉత్త చుక్కలు. యాంటెన్నా ఆరడుగులు పైకి లేపించాను, బూస్టరు పెట్టాను. కొబ్బరి మట్టలు అడ్డమేమోనని, చెట్లెక్కి కాయల దింపు తీసే సత్తియ్యని చెట్టెక్కించాను.

"టీవీ కోసం చెట్టుకి గుండు గీయించేత్తారేటండీ?" అని పైనుంచి కేకేశాడు.

"ఇంకో రెండు కొట్టు."

"ఆయ్" అని కొట్టాడు. పదో సాయంత్రం మొహాలు గుర్తుపట్టేలా వచ్చాయి.

ఆ ఆదివారం ఆరాధన నుంచి వచ్చి టేపు వెనక్కి తిప్పి వేశాను. బొమ్మ మునుపెన్నడూ లేనంత శుభ్రంగా ఉంది. లెక్కపెట్టాను. పదకొండు మంది. రెండో వరసలో మూడో చోటు ఖాళీ. అక్కడ చుక్కలు కూడా లేవు. వెనకున్న తెర మడతలతో సహా కనిపిస్తోంది. మూడో చరణంలో హార్మోనియం ఒక్కటే మోగింది.

సిగ్నల్ చాలకపోతే బొమ్మంతా పాడవాలి, ఒక్క పిల్ల కాదు. వీసీఆర్ హెడ్ తుడిచాను. ట్రాకింగ్ తిప్పాను. అమలాపురం పట్టుకెళ్లి వేరే టీవీలో వేయించాను. పదకొండే. మా ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక నెలన్నర బీరువాలో దాచాను.

ఒకరోజు తనే అడిగింది. వేసి, తల దించుకు కూర్చున్నాను. మూడో చరణం దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత బాగా పాడిందండీ! ఆ రిబ్బను నేను కొనిచ్చిందే."

మర్నాడు సత్తియ్యని పిలిచి, ఏమీ చెప్పకుండా, పిల్లల్ని లెక్కపెట్టమన్నాను. వేలు టీవీ అద్దం మీద పెట్టి ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు.

"పన్నెండండీ." ఆ ఖాళీ మీద వేలు ఆపి, గొంతు తగ్గించాడు. "రూతమ్మగారు కదండీ?"

ఇది ఎలా జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు. ఇప్పటికీ ఆమె ఆ టేపు వేసుకుంటుంది, కూతురితో పాటు పెదవులు కదుపుతుంది. పక్కన కూర్చుని "బాగా పాడింది" అంటాను. మళ్లీ మొదటి వరస నుంచి లెక్కపెడతాను.

నాకు పదకొండు మందే.