పేరు కుట్టకూడని చాదర్

మొన్న పొద్దున కొట్టు షట్టర్ ఎత్తుతుండగా ఫోన్ వచ్చింది. ఇక్కడ గల్ఫ్‌లో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని మా కొట్టులో ఇన్నేళ్లూ నా పక్కన కూర్చుని జరీ పని చేసిన ఉస్తాద్ గారు, జగిత్యాల దగ్గర తన ఊళ్లో పోయారట. చెప్పింది ఆయన కొడుకు.

అరబ్బులు పెళ్లిళ్లకు తొడుక్కునే బిష్ట్‌ల అంచుకు బంగారు జరీ కుట్టడం మా పని. నేను కోనసీమ వాణ్ణి. సెలవు రోజైన శుక్రవారం నేను చర్చికీ ఆయన మసీదుకీ వెళ్లి, వచ్చాక కలిసి అన్నం తినేవాళ్లం. పని బల్ల మీద చాయ్ గ్లాసు పెట్టానో, "యల్లా, తీయ్!" అని గదిమేవారు. "సాటిన్ మీద సూది దిగితే గుర్తు పోదు తమ్మీ, సోంచాయించి దింపు" అనేవారు. నాకు జరీ చెయ్యి వచ్చిందంటే ఆయన పుణ్యమే.

కాబా వస్త్రానికి జరీ కుట్టడానికి మక్కా వెళ్లినవాళ్లలో ఆయన తాత ఒకరట. ఆ వస్త్రం మీద ఏ మూలనైనా తాతగారి పేరుందా అని అడిగాను.

"ఆడ మనోళ్ల పేరుకేం పని? మొక్కనీకి వచ్చెటోళ్ల కండ్లు ఖురాన్ అక్షరాల మీదుండాలె" అన్నారు.

డ్యూటీ అయ్యాక ఆయన తన ఊరి దర్గా ఉర్సుకని సమాధి మీద కప్పే ఆకుపచ్చ సాటిన్ చాదర్ ఒకటి కుట్టేవారు. జబ్బుచేసి ఇంటికి వెళ్లిపోయేటప్పటికి ఒక అంచు మిగిలిపోయింది. దాన్ని నా ఒళ్లో పెట్టారు.

"నేను ముట్టుకోవచ్చాండీ?"

"చేతులు కడుక్కో. నీ దేవుణ్ణి తలుసుకో. కూసో. అంతే."

అలాగే కూర్చున్నాను. అంచు బాగానే వచ్చింది. చివర్న ఏం చేశానో వినండి. ప్రతి బిష్ట్‌కీ చేసినట్టే, చెయ్యి అలవాటు కొద్దీ, వెనక మూలన మా కొట్టు పేరున్న లేబుల్ కుట్టేశాను! మడిచి, ఊరెళ్తున్నతని చేత పంపేశాను కూడా. మర్నాడు లేబుళ్ల డబ్బా మూత తీస్తుంటే గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్ చేసి చెప్పడానికి నోరు రాలేదు. ఎవరు తిప్పి చూస్తారులే అనుకున్నాను, ఏ పనినైనా ఆయన మొదట వెనకవైపే చూస్తారని తెలిసి కూడా.

ఇప్పుడు ఆయన కొడుకుని అడక్క తప్పలేదు.

"చాదర్ దర్గాకి చేరిందా బాబూ?"

"చేరిందన్నా. ఉర్సు నాడు కప్పినం. అబ్బా కండ్లార జూసిండు. కప్పేముందు ఆ లేబుల్ మమ్మల్ని ముట్టనియ్యలే. మంచంల కూసొని తనే ఒక్కొక్క కుట్టు ఇప్పిండు. ఆఖరికి జేసిన పని గదే."

"నన్ను ఏమైనా అన్నారా?"

"'తమ్మికి చెప్పకుండ్రి, సిగ్గుపడ్తడు' అన్నడు. నేనే ఆగలేకపోయిన."

ఆ రోజు తీసిన ఫొటో పంపాడు. మంచం మీద ఉస్తాద్ గారు, ఒళ్లో తిరగేసిన చాదర్. లేబుల్ లేదు. అది ఉన్న చోట చుట్టూతా సూది గుర్తులున్నాయి. వాటిని ఆయన బొటనవేలితో రుద్దుతున్నారు.