పుస్తకానికి పూచీ ఎవరు?

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: మనిషికి సరైన పుస్తకం ఒకటి చేతిలో పెడితే చాలు, మిగతాదంతా పుస్తకమే చూసుకుంటుందని. ఆ నమ్మకం నాకు ఎక్కడ అంటుకుందో ఇప్పటికీ తెలియదు. డిగ్రీ పుస్తకాలు నన్ను బాగుచేసిన దాఖలాలేమీ లేవు కనక ఒంగోలు చదువు వల్ల మాత్రం కాదు. తుళ్లూరు వైపు రాజధాని వస్తోందని అద్దంకి టీ బంకుల్లో కూడా జనం ఎకరాల గురించే మాట్లాడుకుంటున్న కాలం. ఊళ్ళో ప్రతివాడూ ఏదో ఒకటి అయిపోయే తొందరలో ఉన్నాడు. నేను మాత్రం బాబాయి విత్తనాల కొట్టులో ఫ్యాను కింద కూర్చుని, ఏమవ్వాలో తెలియక రోడ్డు వైపు చూస్తూ ఉండేదాన్ని. (ఆ అయోమయం తర్వాత కూడా పెద్దగా తగ్గలేదు. అలవాటైంది, అంతే.)

బాబాయి అంటే మా నాన్న తమ్ముడు. పత్తి, మిరప విత్తనాలూ పురుగుమందులూ అమ్మేవాడు. నా విషయంలో ఆయనకు అయోమయం లేదు. "గుంటూరు పోయి బ్యాంకు కోచింగులో చేరమ్మాయ్. నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం" అని రోజూ అనేవాడు. నేనేమో గుంటూరు బస్సు కనపడితే కొట్టు లోపలికి పోయి బస్తాలు లెక్కపెట్టేదాన్ని. కొట్టులో కౌంటరు పక్కన, కూరగాయల విత్తనాల పొట్లాలు పెట్టుకునే అర ఒకటి ఖాళీగా ఉంది. ఒంగోలులో ఒక పాత పుస్తకాల కొట్టు ఎత్తేస్తుంటే నేను మూటకట్టి తెచ్చుకున్న పుస్తకాలు నా మంచం కింద ఉన్నాయి. ఈ రెంటినీ కలిపేస్తే నా బతుక్కి ఒక దారి దొరుకుతుందని ఎందుకనిపించిందో గానీ, గట్టిగా అనిపించింది. బాబాయి చుట్టూ తిరిగి బతిమాలాను.

"కథలైతే వద్దు. కథలు చెప్పేవాళ్ళు మన కొట్టుకి రోజూ వస్తానే ఉన్నారు. పనికొచ్చేవి పెట్టు" అన్నాడు బాబాయి. "పత్తి విత్తనాల లోడు దిగిందాకా చూస్తా. జనానికి అక్కరకొస్తే ఉంచుదాం. రాలేదా, ఆ అరలో పంటల టానిక్కు డబ్బాలు, నువ్వు గుంటూరు బస్సులో."

మిరప కోతలు అయిపోయి, కాయలు యార్డుకి వెళ్ళిపోయి, రైతులు కాస్త తీరిగ్గా ఉన్న వేసవి అది. ప్రపంచ పటాల అట్లాసు, పిట్టల పుస్తకం, నిలవ పచ్చళ్ళ పుస్తకం, భూమి పత్రాలూ హద్దుల తగాదాలూ వివరించే ఒక లావుపాటి చట్టాల పుస్తకం, ఇంకా నిఘంటువులూ గట్రా సర్ది పెట్టాను. డబ్బులేమీ వద్దు, చదివి తెచ్చిస్తే చాలన్నాను. ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు. మందు డబ్బా కోసం వచ్చినవాళ్ళు అటు చూసి, "ఇది ఏ తెగులుకమ్మాయ్?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపు వెళ్ళిపోయేవాళ్ళు.

అప్పుడు తట్టింది నాకు గొప్ప ఆలోచన. పెద్ద ఊళ్ళ పుస్తకాల కొట్లలో చూశాను, ఏ పుస్తకాన్ని ఏ పాఠకుడు మెచ్చాడో చీటీ మీద రాసి కింద పేరు పెడతారు. మనమూ పెడదాం అనుకుని నాకు చనువున్న ముగ్గురిని పట్టుకున్నాను. ఎదురు కొట్టులో స్ప్రేయర్లు బాగుచేసే సాయిబు గారిని నేను చిన్నప్పటినుంచీ మావయ్యా అనే పిలుస్తాను. ఆయన అట్లాసు తిరగేసి, గల్ఫులో ఉన్న తమ్ముడి ఊరు వేలుపెట్టి చూసుకుని, "ప్రపంచమంతా ఇందులో ఉందమ్మాయ్, రాసుకో" అన్నాడు. బాబాయి భార్య, మా పిన్ని, పచ్చళ్ళ పుస్తకం చూసి "కొలతలు బాగానే చెప్పారు" అంది. (పిన్ని నోట అంతకన్నా పెద్ద పొగడ్త ఎవరూ విని ఉండరు.) మా వీధి చివర మిరపతోట పెదనాన్న పిట్టల పుస్తకానికి "మన చేలల్లో తిరిగే పిట్టలన్నీ ఉన్నాయి" అనీ, చట్టాల పుస్తకాన్ని చేత్తో బరువు చూసి "రైతన్నవాడి ఇంట్లో ఉండాల్సిన పుస్తకం" అనీ చెప్పాడు. చీటీల మీద వాళ్ళ అసలు పేర్లే రాశాను. ఇక్కడ రాస్తే మళ్ళీ నా మీదికి వస్తారు కనక రాయడం లేదు.

మర్నాడే ఒకాయన వచ్చాడు. పక్క పల్లెటూరి రైతు. ఎండైనా వానైనా చేతిలో గొడుగుండేది. ఆ గొడుగాయన చీటీలన్నీ ఓపిగ్గా చదివి, "ఈయన చెప్పాడా? నిజంగా ఈయనే చెప్పాడా?" అని ఒక్కొక్క పేరూ నన్ను అడిగి రూఢి చేసుకుని, అట్లాసూ, పిట్టల పుస్తకమూ, ఇంట్లో వాళ్ళకని పచ్చళ్ళ పుస్తకమూ చంకన పెట్టుకుని వెళ్ళాడు. ఆ రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు, సంతోషంతో.

విత్తనాల కొట్టులో కూర్చుని కూడా నేను మర్చిపోయిన సంగతి ఒకటుంది. మా వైపు విత్తనం కొనేవాడు కొట్టువాణ్ణి నమ్మడు, కంపెనీని అసలు నమ్మడు. "ఎవరు చెప్పారు?" అని అడుగుతాడు. ఫలానా ఆయన వేశాడు, ఆయనే చెప్పాడు అంటే తీసుకుంటాడు. పంట బాగా వస్తే ఆ చెప్పినాయన ఇంటికి కొత్త మిరపకాయలు గంపెడు వెళతాయి. మొలక రాకపోతే నష్టపోయినవాడు కొట్టుకు రాడు, తిన్నగా వెళ్ళి చెప్పినాయన అరుగు మీద కూర్చుంటాడు. చెప్పినాయన తలుపేసుకోకూడదు. చేలోకి వచ్చి చూడాలి, ఏదో ఒక దారి చూపించాలి. దాన్నే పూచీ అంటారు. చీటీ కింద పేరు రాయడమంటే అదేనని గొడుగాయన అనుకున్నాడు. ఆయనొక్కడే కాదు, కొట్టుకొచ్చే ప్రతివాడూ అలాగే అనుకున్నాడు, నేను తప్ప.

వారం తిరక్కుండా స్ప్రేయర్ల మావయ్య నూనె చేతులతోనే మా కొట్టులోకి వచ్చాడు. వెనక గొడుగాయన. "అమ్మాయ్, ఈయన ఊరు అట్లాసులో లేదంట. నేనేం చెయ్యాలి?" అన్నాడు మావయ్య బిక్కమొహం వేసుకుని.

"ప్రపంచమంతా ఉందన్నారు గదండీ తమరు" అన్నాడు గొడుగాయన, కోపంగా కాదు, న్యాయంగా. "మా ఊరు ప్రపంచంలో లేదా?"

  మావయ్య నన్ను పెన్ను అడిగి, అద్దంకి ఎక్కడుండాలో అంచనా వేసి, దాని పక్కన ఆ ఊరి పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చాడు. గొడుగాయన తృప్తిపడ్డాడు. అది సముద్రంలో పడిందని తర్వాత చూసుకున్నాను గానీ, ఎవరికీ చెప్పలేదు.

తర్వాత వంతు పిట్టలది. "సగమే మొలిచాయండీ" అని పెదనాన్న దగ్గర కూర్చున్నాడట గొడుగాయన. పుస్తకంలో ఉన్న పిట్టల్లో సగం ఆయన చేలో కనపడలేదని దాని భావం. పెదనాన్న పెద్ద గొంతు మనిషి, కానీ పూచీ అంటే పూచీయే. పొద్దున్నే ఆయనతో చేను గట్ల మీద తిరిగి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసి, పాలపిట్టనొకదాన్ని అదనంగా చూపించి బయటపడ్డాడు. మావిడికాయ ముక్కలు మెత్తబడ్డాయని గొడుగాయన భార్య పంపిన జాడీ పిన్ని గుమ్మంలో దిగింది. పిన్ని మూత తీసి వాసన చూసి, "తడి చెయ్యి పెట్టారు" అని తీర్పు చెప్పి, తన పచ్చడి ఒక సీసా నింపి ఇచ్చి పంపింది. ఆ మధ్యాహ్నం నాకు భోజనంలో పచ్చడి వెయ్యలేదు.

ఆ పై రోజు ముగ్గురూ వేరువేరుగా వచ్చి "నా పేరు తీసెయ్ తల్లీ" అన్నారు. తీసేశాను. పుస్తకం గురించి మంచి మాట మాత్రం ఉంచాను. దాంతో మళ్ళీ మొదటికొచ్చింది. జనం చీటీ చదవడం, పేరుకోసం వెనక్కి తిప్పి చూడడం, పెట్టేసి పోవడం. "ఎవరు చెప్పారో తెలీకుండా ఇంట్లోకి ఎట్టా తీసుకుపోతారమ్మాయ్?" అని ఒకావిడ నన్నే నిలదీసింది. పేరుంటే తగువు, లేకపోతే పుస్తకం కదలదు.  బాబాయి టానిక్కు డబ్బాల పెట్టెలు తెప్పించి ఆ అర ముందు పెట్టించాడు. పత్తి లోడు బయల్దేరిందని ఫోను కూడా వచ్చింది. గుంటూరు బస్సు నా కళ్ళ ముందు హారన్ కొడుతున్నట్టే ఉంది. పుస్తకాలు మళ్ళీ మంచం కిందికి పోతాయంటే ఏడుపొచ్చింది, మందుల ఘాటుకి అన్నట్టు ముక్కు తుడుచుకున్నాను.

అలాంటి రోజున పెదనాన్న వీధంతా వినపడేట్టు అరుచుకుంటూ వచ్చాడు. ఆయన ఒక చేతిలో చట్టాల పుస్తకం, ఇంకో చేతిలో గొడుగాయన చెయ్యి. గొడుగాయన చంకలో ఈసారి చాప, దిండు కూడా ఉన్నాయి. పేర్లు తీసెయ్యకముందే ఆ పుస్తకం ఆయన పట్టుకెళ్ళాడు. హద్దురాళ్ళు పాతుకోవడం రైతు హక్కని అందులో చదివి, తెల్లారేసరికి తన పొలానికీ పక్కనున్న బావమరిది పొలానికీ మధ్య రాళ్ళు పాతేశాడు. బావమరిది మాట్లాడడం మానేశాడు. భార్య అలిగి ఆ బావమరిది ఇంటికే వెళ్ళిపోయింది.

"నేను వండుకోలేనండీ" అన్నాడు గొడుగాయన. "ఈయన చెప్పిన పుస్తకం వల్ల వచ్చింది. మనిషి తిరిగొచ్చిందాకా ఈయన అరుగు మీదే ఉంటా."

"అసలు ఏం రాసుందమ్మా ఇందులో?" అన్నాడు పెదనాన్న నన్ను చూసి, గొంతు తగ్గించి. ఆ ప్రశ్నతో ఆయన పుస్తకం తెరవనేలేదని కొట్టంతటికీ తెలిసిపోయింది. "చదువు. కళ్ళజోడు ఇంట్లో ఉంది."

చదివాను. పత్తి విత్తనాల కోసం వాకబు చేయడానికి వచ్చినవాళ్ళు బస్తాల మీద సర్దుకున్నారు. మావయ్య స్ప్రేయరు పక్కన పడేసి వచ్చాడు. హద్దురాళ్ళ పేజీ అయింది, గొడుగాయన "అదే, అదే" అన్నాడు. పేజీ తిప్పాను. రాళ్ళు పాతే ముందు పక్క పొలం వారికి చెప్పాలనీ, వారు ఎదురుగా ఉండగానే పాతాలనీ, బంధువులైతే ముందు మంచి మాటతో ప్రయత్నించాలనీ అక్కడుంది.

గొడుగాయన మొహంలో రంగు మారింది. "ఆ పేజీ నేను చూళ్ళేదు" అన్నాడు మెల్లిగా.

"మందు సగం కొట్టి పురుగు చావలేదంటే ఎట్టాగయ్యా!" అని పెదనాన్న కొట్టు దద్దరిల్లేట్టు అరిచాడు. తను అసలు కొట్టనే లేదన్న సంగతి ఆయనకు గుర్తులేదు. అయినా పూచీ మాత్రం వదల్లేదు. మర్నాడు గొడుగాయనతో పాటు బావమరిది ఇంటికి వెళ్ళి, రాళ్ళు పీకించి, ఇద్దరినీ నిలబెట్టి మళ్ళీ పాతించి, ఆవిణ్ణి ఇంట్లో దింపి మరీ వస్తానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. (వెళ్ళాడు కూడా. ఆవిడ వంటకు మాత్రం ఇంకో వారం పట్టిందని విన్నాను.)

జనం లేవలేదు. తర్వాతి పేజీలో ఏముందని ఎవరో అడిగారు. బాబాయి తల గోక్కున్నాడు. ఇది బేరమో, బేరం చెడగొట్టే తంతో ఆయనకు అర్థం కాలేదు. పెదనాన్న ఊరుకోకుండా ఆయన వైపు తిరిగి, "ఈ పిల్లని బ్యాంకు కోచింగుకి పొమ్మని చెప్పిందెవర్రా?" అన్నాడు.

"నేనే."

"పూచీ పడతావా?"

కొట్టులో అందరూ బాబాయిని చూశారు. నేనూ చూశాను. ఆయన నన్ను చూశాడు. "పడలేనన్నయ్యా" అన్నాడు. "ఆ చదువేందో, ఆ ఉద్యోగమేందో నేను చూడలా."

"మరి ఈ అరకో?"

"అదీ ఎట్టా పోద్దో తెలీదు" అని బాబాయి టానిక్కు పెట్టెను కాలితో పక్కకు నెట్టాడు. "కానీ పిల్ల దాని ముందు కూర్చోటం రోజూ చూస్తన్నాగా. చూసినదానికైతే పడతా."

అలా ఆ అర నిలిచింది. కొన్నేళ్ళకు ఒంగోలులో చిన్న పుస్తకాల కొట్టుగా పెరిగింది. పెరిగింది అన్నది కాస్త పెద్ద మాట. ఒక ఏడాదైతే ఈగలు కూడా రాలేదు. ఎవరికి చెప్పుకోవాలో తోచక ఒక ఉదయం బస్సెక్కి అద్దంకి వెళ్ళి, బ్యాగు పక్కన పెట్టుకుని, బాబాయి అరుగు మీద కూర్చున్నాను. ఆయన బయటికొచ్చి చూశాడు. ఎందుకొచ్చావని అడగలేదు. "చేలోకి పోయి చూద్దాం పద" అని చొక్కా వేసుకున్నాడు.

ఒంగోలు చేరాక మిగతా పూటంతా నా కొట్టులో, ఆ పుస్తకాల మధ్య, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు. సాయంత్రం ఒక కాలేజీ అమ్మాయి వచ్చి ఏదో పుస్తకం తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. బాబాయి ఉండబట్టలేక "అది మంచిదమ్మా, తీసుకో. నేను చెబుతున్నా" అన్నాడు. ఆ పిల్ల నవ్వి తీసుకుంది.

ఆమె వెళ్ళాక నాకు కోపం వచ్చింది. "అదేం పుస్తకమో కూడా తెలీదు నీకు! చదవకుండా ఎలా చెప్పావు బాబాయ్?"

"దాన్ని చూసి చెప్పలేదమ్మాయ్" అన్నాడు. "నిన్ను చూసి చెప్పా."

మనిషికి పుస్తకం ఒకటి చాలనుకున్న ఆ విత్తనాల కొట్టు పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక, బాబాయికి కనపడకుండా అటు తిరిగి, సర్దే ఉన్న పుస్తకాలు మళ్ళీ సర్దాను.